పావుచుట్టు బావ

మా బావకి మనుషుల వయసు తెలియదు. ఎవరిని చూపించినా "చిన్నవాడే కదా" అంటాడు. టైరు వయసు మాత్రం కళ్ళు మూసుకుని, పక్కలు చేత్తో తడిమి చెప్పేస్తాడు. బస్సు డిపోలో టైర్ల సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన మనిషి మరి. మా అక్కని చేసుకున్న కొత్తలో మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, లోపలికి అడుగుపెట్టకముందే గుమ్మం పక్కనున్న మా నాన్న సైకిల్ దగ్గర ఆగి వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. "గాలి తక్కువుంది మావయ్యా" అన్నాడు. కొత్త అల్లుడు మా ఇంట్లో పలికిన మొదటి మాట అది. మా అక్క ఆ సంగతి మర్చిపోలేదు, మమ్మల్నీ మర్చిపోనివ్వలేదు.

రిటైరయ్యాక రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. ఆ రెండు నెలల్లో వీధిలో ఉన్న ప్రతి స్కూటరుకీ గాలి చూశాడు. పక్కింటి పసిపాపని కూర్చోబెట్టి తిప్పే తోపుడు బండిని కూడా వదల్లేదు. కొన్నాళ్ళకి జనం ఆయన వస్తుంటే బళ్ళు లోపల పెట్టుకోవడం మొదలెట్టారు. ఇలా అయితే వీధిలో తలెత్తుకు తిరగలేనని మా అక్కే వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఊరి చివర ఒక యార్డులో కాపలా పని చూసిపెట్టింది.

అది మోటర్‌హోమ్‌లు నిలవ ఉంచే యార్డు. మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ బండిలోనే. మా బావ వాటిని ఇంటిబళ్ళు అనేవాడు, మాకూ అదే అలవాటైంది. కొనుక్కున్నవాళ్ళు ఏడాదిలో నెలో నెలన్నరో తిరిగి, మిగతా కాలమంతా తెచ్చి ఇక్కడ పెట్టిపోతారు. యార్డు యజమాని ఒకప్పుడు కలప వ్యాపారి. దుంగలు పేర్చిన రేకుల షెడ్లలో ఇప్పుడు నలభై ఒక్క ఇంటిబళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. యజమాని ఉద్దేశంలో కాపలా అంటే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం. మా బావ మొదటి రోజు ఆ కుర్చీలో కూర్చున్నది ఇరవై నిమిషాలు.

"అన్నీ నిలబడినచోటే నిలబడి చస్తున్నాయిరా" అని ఆ సాయంత్రం నాతో చెప్పాడు, దగ్గరవాళ్ళకెవరికో జబ్బు చేసినట్టు ముఖం పెట్టి. తిరిగే టైరు అరుగుతుంది, తిరగని టైరు ఎండుతుంది, రెండోదే ప్రమాదం అన్నాడు. రబ్బరులోనే దాన్ని కాపాడే మైనం లాంటిది కలిపి ఉంటుందట. బండి నడిచి, టైరు వంగి లేస్తుంటేనే అది పైకి ఊరుతుందట. నెలల తరబడి కదలకపోతే ఊరదు, పైచర్మం బీటలు తీస్తుంది. పైగా అయిదు టన్నుల ఇంటిని ఒకే పక్కన మోసి మోసి టైరు అడుగు చదునైపోతుంది. కూర్చుంటే కొండలే కరుగుతాయి, ఇక రబ్బరెంత అన్నాడు.

మర్నాటి నుంచీ మొదలెట్టాడు. యజమాని దగ్గర పడి ఉన్న పాత చెక్కలు కోయించి ప్రతి టైరు కిందా ఒకటి వేశాడు. చెక్క టైరు అడుగు కంటే నాలుగు వేళ్ళు వెడల్పుండాలి. అంచు బయటికి వేలాడితే అసలు వెయ్యకపోవడమే నయం. బండి పెట్టిపోయేవాళ్ళు బయటికి వెళ్ళకముందే టైరు పక్కన అచ్చు వేసి ఉన్నంత గాలీ నింపేవాడు. కొందరు తళతళలాడాలని టైర్లకి పాలిష్ పూస్తారు. ఆ సీసాలు వాళ్ళ చేతుల్లోంచి తీసేసుకుని, సబ్బునీళ్ళ బకెట్టు ఇచ్చేవాడు. ఆ మెరుపు మందు లోపలి మైనాన్ని కరిగించేస్తుందట. వెల్డింగ్ మిషన్‌ని షెడ్డు అవతలి మూలకి తోయించాడు, దాని గాలి రబ్బరుకి పడదని. ఎండ పడే వైపు చక్రాలకి తెల్లగుడ్డ తొడుగులు కుట్టించాడు. కుట్టింది మా అక్కే, ఎనభై పైచిలుకు.

"దిండు గలీబుకి గుడ్డ కొనమంటే మూడు నెలలు ఆలోచించిన మనిషి, చక్రాలకి కొత్త తాను తెచ్చాడురా" అని మిషన్ తొక్కుతూ నాతో చెప్పింది. చెప్పింది గానీ, కుట్లు మాత్రం రెండు వరసలు వేసింది.

అన్నిటికంటే పెద్ద తతంగం తిప్పడం. నెల మొదటి వారంలో ఒక్కో బండీ ఇంజను వేసి, చెక్కలు జరుపుకుంటూ, సరిగ్గా పావు చక్రం కదిపేవాడు. టైరు మీద సుద్దముక్కతో ఒక గీత. ఈ నెల గీత పైనుంటే, వచ్చే నెల ముందుకి, ఆపై నెల కిందికి. ప్రతి బండి అద్దానికీ ఒక పలక వేలాడుతుంది. తిప్పినప్పుడల్లా దాని మీద తేదీ రాసి "తిప్పాను" అని రాస్తాడు. దాంతో యార్డుకి వచ్చేపోయేవాళ్ళు ఆయనకి పావుచుట్టు అని పేరు పెట్టారు. మా ఇంట్లో పిల్లలకి పావుచుట్టు మావయ్య, నాకు పావుచుట్టు బావ. ఆయనకి ఈ పేరు తెలుసు. కోపం లేదు. సగంచుట్టు అంటే కోపం వచ్చేదేమో, ఎందుకంటే అది తప్పు లెక్క.

ఇరవై ఏడో గడిలో ఒక పళ్ళ డాక్టరు గారి బండి ఉండేది. ఆయన క్లినిక్ మూసేసి, భార్యతో దేశం చూడాలని, ఎవరో వాడిన ఇంటిబండిని కొన్నారు. మూడుసార్లు తిరిగారో లేదో, ఆవిడకి వెన్నుపూసలో ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. బండి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఇరవై నెలలు అలాగే ఉండిపోయింది. డాక్టరు గారు రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేసి బండి ఎలా ఉందని అడిగేవారు. "గాలి బాగుందండీ" అనేవాడు మా బావ. ఆవిడ ఎలా ఉన్నారని ఎప్పుడైనా అడిగావా అని మా అక్క ఒకసారి నిలదీసింది. తర్వాత ఫోన్ వచ్చినప్పుడు అడిగాడు. ఎలా అడిగాడంటే, "అమ్మగారు కొంచెం కొంచెం కదులుతున్నారా? కదలాలండీ, ఒకేచోట ఉంచకూడదు" అని. డాక్టరు గారికి అది చాలా మంచి సలహాగా అనిపించిందట.

పద్దెనిమిదో నెలలో ఒక బూడిదరంగు పిల్లి వచ్చింది. యార్డంతా చూసుకుని, ఇరవై ఏడో గడిలో, వెనక చక్రాల చాటున, మా అక్క కుట్టిన తొడుగు నీడలో, చెక్క మీద నాలుగు పిల్లల్ని పెట్టింది. తిప్పే వారం వచ్చేసరికి అవి ఇంకా కళ్ళు తెరవలేదు. మా బావ ఒక అట్టపెట్టెలో గోనె పరిచి, పిల్లల్ని తీసి అందులో పెట్టి గేటు గదిలో ఉంచాడు. టీ తాగి వచ్చేలోపు తల్లి నాలుగింటినీ ఒక్కొక్కటే నోట కరుచుకుని మళ్ళీ చెక్క మీదికే తెచ్చుకుంది. రెండోసారి ప్రయత్నిస్తే మోచేతి దాకా గీరింది.

"పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదరా. ఇక్కడ నలభై ఒక్క ఇళ్ళున్నాయి. ఇదెందుకు తిప్పదు?" అని నన్ను అడిగాడు. ఊరందరి చక్రాలూ తిప్పే మనిషికి, తిప్పనంటే తిప్పనని భీష్మించిన ప్రాణి తగిలింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఒక వారం చూద్దామనుకున్నాడు, ఆ వారం తర్వాత ఇంకో వారం. మధ్యలో మా అక్కకి ఇంట్లో పాలు తొందరగా అయిపోతున్నాయని అనుమానం వచ్చింది. ఆయన టీలో పాలు తగ్గించుకున్నానన్నాడు. అప్పుడే అక్కకి అర్థమైపోయింది, తగ్గించుకుంటే మిగలాలి కదా అని. మర్నాటి నుంచి ఒక గిన్నె ఎక్కువ పోయించుకుంది.

ఆ బండి పలక మీద ఆ నెల ఇలా ఉంది: "తిప్పలేదు. పిల్లి పిల్లలు." దాని కింద, తర్వాతి నెల: "తిప్పలేదు. కళ్ళు తెరిచాయి."

పదో వారానికి పిల్లలు చెంగుచెంగున షెడ్డు దాటి, కలప గుట్టల్లోకి మకాం మార్చాయి. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు ఫోన్ చేశారు. ఆవిడ నడుస్తున్నారట, గురువారం పొద్దున్న బయల్దేరుతున్నారట, బండి సిద్ధంగా ఉంచమన్నారు.

బుధవారం మధ్యాహ్నం మా బావ ఆ బండి కిందికి దూరాడు. వెనక ఒక్కో పక్కా రెండేసి చక్రాలు జంటగా ఉంటాయి, బయటిది ఒకటి, లోపలిది ఒకటి. పది వారాలుగా పిల్లి దగ్గరికి రానివ్వక గాలి కూడా చూడలేదు. ఇప్పుడు చూస్తే ఎడమవైపు లోపలి టైరులో ఎనభై ఉండాల్సిన గాలి నలభై రెండుకి దిగింది. బయటి టైరు బరువంతా మోస్తూ నిలబడింది కాబట్టి చూసేవాళ్ళకి బండి నిటారుగానే కనిపిస్తోంది. పాత బస్సు అద్దం ఒకటి చీపురుకర్రకి కట్టి, టార్చి వేసి లోపలి ముఖం చూశాడు. రబ్బరు అడుగు మీద చెక్కినట్టుండే గాళ్ళు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. పక్కన మాత్రం గోరు దిగేంత పగులు, జానెడు పొడుగున.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నాడు. ప్రతి టైరు మీదా నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఆ అంకెలు టైరుకి ఒక పక్కనే ఉంటాయి. ఆ బండి బయటి టైర్ల మీద నాలుగేళ్ళ కిందటి అంకెలున్నాయి కాబట్టి ఆరూ ఆ వయసువే అనుకున్నాడట. లోపలి రెంటి అంకెలు లోపలివైపు తిరిగి ఉన్నాయి, అద్దంలో వాటిని చదవడం ఆయన వల్ల కాలేదు. బండి అమ్మినవాళ్ళెవరో కంటికి కనిపించేవి మార్చి, కనిపించనివి వదిలేసి ఉంటారు.

"ఇరవై నెలలు గాలి చూశాను, తుడిచాను, తొడుగులు వేశాను. లోపలి ముఖం ఒక్కసారి చూశానా? ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఎవరికి నేర్పానురా ఈ పని?" అన్నాడు.

పిల్లి అడ్డం రాకపోతే గాలి దిగిన సంగతీ తెలిసేది కాదు, నువ్వు అద్దం పెట్టి చూసేవాడివీ కాదు కదా అన్నాను, ఊరడిద్దామని. అది ఊరడింపులా వినబడలేదు. అప్పుడు నాకు తోచిన తెలివైన సలహా ఒకటి ఇచ్చాను. పలక తుడిచెయ్యి, పిల్లి మాట ఎత్తకు, టైరు పాతది అని మాత్రం చెప్పు, లేకపోతే పిల్లి వల్ల పాడుచేసి వయసు మీదికి నెడుతున్నావనుకుంటారు.

"పలక తుడవను" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి నా స్కూటరు వెనక చక్రం నొక్కి చూశాడు. ఎంత బాధలో ఉన్నా అది మానడు.

గురువారం నాకు సెలవు. బావకి టిఫిన్ పట్టుకెళ్తున్న అక్కని ఒక్కర్తినీ పంపడం బాగుండదని వంక పెట్టి నేనూ యార్డుకి వెళ్ళాను. నిజానికి ఏం జరుగుతుందో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. డాక్టరు గారు ముందే వచ్చేశారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీ. దుప్పట్లు, గిన్నెలు, మడత కుర్చీలు కారులోంచి దింపుతున్నారు. ఆవిడ చేతికర్ర ఆనించుకుని బండి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చాలాకాలం ఇంట్లో ఉన్నవాళ్ళు బయటి గాలిని చూసినట్టు అన్నిటినీ చూస్తున్నారు.

డాక్టరు గారు పలక తీసి చదివారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు.

"కళ్ళు తెరిచాయి అంటే ఏమిటండీ?"

"పిల్లి పిల్లలండీ" అన్నాడు మా బావ.

డాక్టరు గారు బండెక్కి, ఇంజను వేసి, యార్డులో ఒక చుట్టు తిప్పారు. డబ్, డబ్, డబ్ అని వెనక నుంచి చప్పుడు, రోకలితో నేల మీద పోటు వేస్తున్నట్టు. దిగేసరికి ఆయన ముఖం ఎర్రగా ఉంది. నెలనెలా తిప్పుతాననే కదా ఇంత నమ్మకంగా ఇక్కడ పెట్టాను అని అడిగారు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ కష్టంగా ఉంది. మా బావ చేతులు తుడుచుకుంటున్న గుడ్డని మడత మీద మడత పెడుతున్నాడు.

"తప్పు నాదేనండీ. రెండు నెలలు తిప్పలేదు. ఈ చప్పుడు దానివల్లే. పది పదిహేను కిలోమీటర్లు పోతే టైరు వేడెక్కి మళ్ళీ గుండ్రంగా అవుతుంది. కానీ నేను మిమ్మల్ని వెళ్ళొద్దంటున్నది దీనికి కాదు" అని, లోపలి టైరు సంగతి చెప్పాడు. పగులు చెప్పాడు, గాలి దిగడం చెప్పాడు, తాను ఇన్నాళ్ళూ చూడకపోవడం కూడా చెప్పాడు. ఏదీ దాచలేదు. నేను పక్కన నిలబడి, రాత్రి నా సలహా ఎంత బాగుందో తల్చుకుంటున్నాను.

ఎందుకంటే డాక్టరు గారు అచ్చం నేననుకున్నట్టే అన్నారు. పిల్లి వల్ల పాడైన టైరుకి ఇప్పుడు వయసు అంటగడుతున్నారన్నారు. కొనేటప్పుడు తాను స్వయంగా వంగి గాళ్ళు చూశానని, అరుగుదలే లేదని, ఇప్పటికీ చెయ్యి పెడితే వేలు దిగుతుందని అన్నారు. ఆవిడ ఇరవై నెలలు ఈ రోజు కోసం మంచం మీద లెక్కపెట్టుకుందని కూడా అన్నారు. ఆ మాటకి మా అక్క తల దించుకుంది.

మా బావకి టైర్ల గురించి టైర్లవాళ్ళతో మాట్లాడటమే వచ్చు. బీడు, ప్లై, సైడ్‌వాల్ అంటూ ఏదో మొదలెట్టి ఆపేశాడు. డాక్టరు గారి ముఖం వంక చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు.

"డాక్టరు గారూ, పళ్ళు బాగున్నాయండీ. చిగుళ్ళు పోయాయి."

మెట్టు మీద కూర్చున్న ఆవిడ ఫక్కున నవ్వారు. నవ్వితే నడుము పట్టిందేమో, చెయ్యి వెనక్కి పెట్టుకుని మరీ నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు. టైరు వంక చూశారు, మా బావ వంక చూశారు. టోపీ తీసి ఆవిడ చేతికిచ్చి, "చూపించండి" అన్నారు.

నేల మీద అట్టపెట్టె విప్పి పరిచాం. ఇస్త్రీ చొక్కాతోనే ఆయన వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగారు. మా బావ చీపురుకర్రకి కట్టిన అద్దం అందించి టార్చి పట్టుకున్నాడు. ఆ అద్దం ఆయన చేతిలో పడ్డాక తేడా తెలిసింది. మా బావ దాన్ని తెడ్డులా తిప్పుతాడు. డాక్టరు గారు రెండు వేళ్ళతో పట్టుకుని, ఇంత వంచి, అంత లేపి, వెలుతురుని ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపించారు. జీవితమంతా చేసిన పని అదే. నోరు కాస్త పెద్దది, అంతే. అద్దంలో తిరగబడి కనిపించే నాలుగంకెల్ని తడుముకోకుండా చదివేశారు. బయటి టైరు కంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అంటే ఆ టైరు తయారై పన్నెండేళ్ళు.

మా బావ ఊపిరి వదిలాడు. డాక్టరు గారు మాత్రం బయటికి రాలేదు. అలాగే అట్ట మీద పాక్కుంటూ కుడివైపుకి వెళ్ళారు. "ఇక్కడ ఇంకోటి ఉంది" అన్నారు. చూస్తే నిజమే. ఇనప రింగు అంచున, వెంట్రుకలంత సన్నగా, చుట్టూ సగం దాకా పాకిన పగులు. మా బావ కంటికి అందనిది. ఆయన దాన్ని చూసి, "నేను చూడలేదండీ" అన్నాడు. ఆ రోజు ఆ మాట అనడం అది రెండోసారి.

కింద నుంచే డాక్టరు గారి గొంతు వినిపించింది.

"ముప్పై నాలుగేళ్ళు నేను ఈ మాటే చెప్పానండీ అందరికీ. పళ్ళు కాదు, చిగుళ్ళు చూసుకోండి అని. నొప్పి లేదు కదా అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇవాళ నేనూ అదే చేశాను."

మధ్యాహ్నానికి టైర్ల షాపు అతను వచ్చి ఆ రెంటినీ ఊడదీశాడు. ఎడమ టైరుని మోకాలి కింద పెట్టి వంచాడు. పగులు నోరు తెరిచి, లోపలి దారాలు కనిపించాయి. ఇది రోడ్డెక్కి ఉంటే రెండు గంటలు కూడా మోసేది కాదన్నాడు. డాక్టరు గారు వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నారు. ఆ కొలత టైర్లు తెప్పించడానికి రెండు రోజులు పడుతుందని షాపు అతను చెప్పాడు.

సరే, ఇంటికి వెళ్ళి శనివారం వద్దామన్నారు డాక్టరు గారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇరవై నెలలకి గడప దాటాను, మళ్ళీ ఆ గడప తొక్కను, బండి కదలకపోతే కదలకపోయింది, యాత్ర ఇక్కడే మొదలు అన్నారు. అలా వాళ్ళ దేశయాత్రలో మొదటి మజిలీ మా బావ యార్డు అయింది. వెనక పక్క జాకీల మీద నిలబడ్డ ఇంట్లోనే వంట చేసుకున్నారు, పడుకున్నారు. పగలు మడత కుర్చీలు కలప గుట్టల నీడలో వేసుకున్నారు. నాలుగు పిల్లులూ ఆవిడ కాళ్ళ చుట్టూ చేరాయి. మీ స్థానంలో ఉంటే నేనూ బండి తిప్పేదాన్ని కాదని ఆవిడ మా బావతో చెప్పారు. ఆయన గాలి గొట్టం చుట్టడానికి వెళ్ళిపోయాడు.

మా అక్క రెండు రోజులూ అక్కడే ఉంది. ఆవిడా అక్కా కూర్చుని ఇద్దరు మొగుళ్ళనీ విప్పి, కడిగి, ఆరేశారు. ఒకాయన పెళ్ళయిన మూడో రోజున భార్యని నోరు తెరవమని కింది దవడ పళ్ళు లెక్కపెట్టాడట. ఇంకొకాయన సంగతి మీకు తెలుసు, మావగారి సైకిల్. వీళ్ళకి మనుషులు కనబడరు, విడిభాగాలు కనబడతాయి అని ఇద్దరూ తేల్చారు.

శుక్రవారం సాయంత్రం డాక్టరు గారు మాటల మధ్యలో ఆగి, కొంచెం నోరు తెరవండి అన్నారు మా బావతో. ఎందుకండీ అని అడగడానికి తెరిచాడు, అదే పొరపాటు. టార్చి వెలిగింది. ఎప్పుడు చూపించుకున్నారు అని అడిగారు డాక్టరు గారు. ఎప్పుడూ లేదు, నొప్పి లేదు కదండీ అన్నాడు మా బావ. అన్నాక తానే నాలుక కరుచుకున్నాడు. మా అక్కా ఆవిడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. పైన ఎడమవైపు రెండు పళ్ళ చుట్టూ చిగురు వదిలేసిందని, నెలలోపు ఫలానా ఆయన దగ్గరికి వెళ్ళమని చీటీ రాసిచ్చారు. అయిదు టన్నుల బండి కింద నిర్భయంగా దూరే మనిషి ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, దాన్ని తడుముకుంటూ రెండు రోజులు తిరిగాడు. తర్వాత అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఈ కుర్చీ పైకి లేచేది నూనె మీదా గాలి మీదా అని.

శనివారం కొత్త టైర్లు వచ్చాయి. మా బావ వాటి అంకెలు షాపు అతని చేతే బిగ్గరగా చదివించి, తర్వాత డాక్టరు గారి చేత చదివించి, ఆ తర్వాత బిగించనిచ్చాడు. లోపలివాటి అంకెలు ఈసారి కనిపించే వైపుకి పెట్టించాడు. బయల్దేరేముందు ఆవిడ మా అక్కని కౌగలించుకున్నారు. డాక్టరు గారు మా బావ చెయ్యి పట్టుకుని, పలక మీద ఉన్నది ఎందుకు తుడవలేదని అడిగారు.

"తుడిస్తే మీరు నమ్మేవారా?" అన్నాడు మా బావ.

"అప్పుడు తొందరగా నమ్మేవాణ్ణి" అన్నారాయన నవ్వుతూ. "కానీ తర్వాత ఎప్పుడో తెలిసేది."

ఆ పలకని ఆయన తనతో తీసుకెళ్ళారు. బండి గేటు దాటి పెద్ద రోడ్డెక్కేదాకా మా బావ చెవి అటే పెట్టి నిలబడ్డాడు. డబ్ డబ్ చప్పుడు రాలేదు.

ఆ తర్వాత యార్డులో ఉన్న ప్రతి బండి లోపలి చక్రాలూ చూడటానికి ఆయనకి పదకొండు రోజులు పట్టింది. మరో మూడు బళ్ళలో ముసలి టైర్లు దొరికాయి. ఆ ముగ్గురు యజమానుల్లో ఇద్దరు ధన్యవాదాలు చెప్పారు, ఒకాయన బండి తీసుకుని వేరే యార్డుకి వెళ్ళిపోయాడు. యార్డు యజమాని గొణిగాడు గానీ, గేటు దగ్గర కుర్చీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మేమందరం అక్క ఇంట్లో ఉండగా డాక్టరు గారి భార్య ఫోన్ చేశారు. అక్క అందరికీ వినబడేలా పెట్టింది. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది. రోజూ పొద్దున్నే అరమైలు నడుస్తున్నానన్నారు, చేతికర్ర బండిలోనే వదిలేస్తున్నానన్నారు. ఒక్కటే బాధ అన్నారు. ఎక్కడ ఆగినా ఈయన తెల్లవారగానే అట్ట పరుచుకుని, అద్దం పట్టుకుని బండి కింద దూరుతున్నారు, పక్క బళ్ళవాళ్ళు పిలిచి వాళ్ళవీ చూడమంటున్నారు, టిఫిన్ చల్లారిపోతోంది. మీవారు నా మొగుణ్ణి పాడుచేశారు, ఆయనకి చెప్పండి అన్నారు.

అక్క ఆయన వైపు తిరిగి, విన్నారా అంది. మా బావ వినలేదన్నట్టు లేచి, ఏదో పనున్నట్టు వాకిట్లోకి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. అక్కడ బళ్ళేమీ లేవు. ఊరికే నిలబడి నవ్వుకుంటున్నాడు, పైన ఎడమవైపు రెండు పళ్ళ ఖాళీ కనిపించేలా.